గోలును కాచు క్రీడాకారిణి

ఆటను రేడియోలో వినునపుడు గోలుకీపరు పేరు మిక్కిలి అరుదుగా వినబడును. బంతి ముందుకు సాగుచుండగా వ్యాఖ్యాత కంఠము హెచ్చును. ముందువరుస వారి పేర్లు ఒకదాని వెంట నొకటి దొర్లిపోవును. గోలు పడినపుడు మాత్రము “గోలుకీపరు అందుకొనలేకపోయినది” అను నొక్క వాక్యము వినబడును. తొంబది నిమిషముల ఆటలో ఆమె చేసిన పని యంతయు శ్రోత చెవిని పడదు. తప్పిన యొక్క క్షణము మాత్రము పడును. ఆ వినబడని పని యెట్టిదో, దానిని తమ జీవితముగా స్వీకరించిన యువతులు ఏమి సాధించిరో శ్రోతలకు తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములను కృష్ణాజిల్లా మెట్ట యని చిరకాలముగా పిలిచితిమి. 2022 ఏప్రిలు నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి, పేరు మారినను ప్రత్తి, మిరప పండు నేలయు, ఆ నేలను నమ్ముకొన్న కుటుంబములును అవియే. ఈ యూళ్ళ బాలికలు బడిలో కబడ్డీ, ఖోఖో చక్కగా ఆడుదురు. కాని కళాశాల మెట్టు ఎక్కుసరికి చాలమంది ఆట మానుదురు. “ఇంకను ఆడి ఏమి సాధించవలెను?” అని ఇంటివారు అడుగుదురు. ఆ ప్రశ్న తప్పు కాదు. దానికి ఉపన్యాసములతో గాక నిజమైన జీవితములతో సమాధానము చెప్పవలసియున్నది.

మొదట గోలుకీపరు పని యేమో చూతము. ఫుట్‌బాలు గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మన యిండ్లలో ఒక పెద్ద వసారా గోడ అంత ఉండును. ఆ గోడ యంతయు ఒక్క మనిషి కాపు. పెనాల్టీ కొట్టు చోటు గోలు గీతకు 11 మీటర్ల దూరము. గంటకు 90 కిలోమీటర్ల వేగముతో కొట్టిన బంతి సెకనుకు 25 మీటర్లు పోవును. అనగా ఆ 11 మీటర్లను దాటుటకు దానికి అర సెకను కూడ పట్టదు. కంటితో చూచి దేహమును కదలించుటకే మనిషికి సెకనులో అయిదవ వంతు పోవును. మిగిలిన కాలములో గోలు నడుమనుండి మూల వరకు 12 అడుగులు దూకుట దాదాపు అసాధ్యము. కావుననే పెనాల్టీలు సుమారు నాలుగింట మూడు గోలులగును.

అయినను కొన్ని ఆగుచున్నవి గదా! ఎట్లనగా, నేర్పుగల గోలుకీపరు బంతిని చూచి కదలదు. కొట్టువారిని చూచి కదలును. బంతి ప్రక్కన మోపిన పాదము ఎటు తిరిగినది, నడుము ఎటు వంగినది అని చదివి, బంతి కదలుటకు ముందే నిర్ణయించుకొనును. 2007లో ఇజ్రాయేలు పరిశోధకులు ప్రకటించిన యొక పరిశీలన మిక్కిలి ఆసక్తికరమైనది. వారు 286 పెనాల్టీలను పరిశీలించిరి. నూటికి 94 సార్లు గోలుకీపర్లు కుడికో యెడమకో దూకిరి. కాని నడుమ నిలిచిన కొద్ది సందర్భములలోనే బంతి ఆగు అవకాశము హెచ్చుగా కనబడెను. మరి ఏల దూకుదురు? నిలిచియుండి గోలు పోయినచో “కదలనైనను లేదు” అని నిందింతురు. దూకి తప్పినచో “పాపము, ప్రయత్నించినది” అందురు. నిందకు వెఱచి చేసిన పని యెల్లప్పుడును సరియైన పని కాదని ఈ పరిశీలన చెప్పుచున్నది. ఈ మాట ఆటస్థలమునకే గాక మన యిండ్లకును వర్తించునని మా తలంపు.

రెండవ నేర్పు కోణమును కుదించుట. గుమ్మము నడుమ నిలిచి చూచినచో రెండు ప్రక్కల ఖాళీ యుండును. దీపము వైపునకు ఒక్కొక్క అడుగు వేసినకొలది మన నీడ గోడపై పెద్దదగును. గోలుకీపరు గీతను విడిచి బంతి వైపునకు వచ్చుట ఇట్టిదే. ఆమె ముందుకు వచ్చినకొలది కొట్టువారికి గోలు చిన్నదగును. కాని మరీ ముందుకు వచ్చినచో బంతిని తలమీదుగా లేపి కొట్టుదురు. ఎంత దూరము రావలెనో గ్రహించుటలోనే ఆమె ప్రజ్ఞ యున్నది.

మూడవది కంఠము. మైదానమంతయు ఎదుట కనబడునది ఆమెకు మాత్రమే. తన ముందున్న రక్షకులకు ఎవరిని పట్టవలెనో, ఎటు జరుగవలెనో ఆమెయే గట్టిగా చెప్పవలెను. “ఆడపిల్ల మెల్లగా మాటలాడవలెను” అని నేర్పి పెంచిన యింటి బాలికకు అన్నిటికంటె కష్టమైన పాఠము ఇదియే.

ఈ స్థానమునకు చట్టములోను చరిత్ర కలదు. గోలుకీపరు మాట ఫుట్‌బాలు నిబంధనలలో 1871లో చేరెను. 1912 నుండి ఆమె తన పెనాల్టీ ప్రాంతములోనే బంతిని చేతితో తాకవలెనని నిర్ణయించిరి. తనవారు కావలెనని కాలితో వెనుకకు పంపిన బంతిని చేతితో పట్టరాదని 1992లో నియమము వచ్చెను. అప్పటినుండి గోలుకీపరునకు చేతులతోబాటు కాళ్ళును చక్కగా ఆడవలసి వచ్చెను. 2025 నుండి బంతిని చేతులలో ఎనిమిది సెకనులకు మించి ఉంచుకొన్నచో ఎదుటివారికి కార్నరు ఇత్తురు.

ఇక జీవితములను చెప్పుదుము. భారతదేశపు మహిళా ఫుట్‌బాలులో గోలుకీపరు అనగానే స్ఫురించు పేరు అదితి చౌహాన్. 1992లో చెన్నైలో జన్మించి ఢిల్లీలో పెరిగిన ఈమె మొదట కరాటే, బాస్కెట్‌బాలు నేర్చెను. చేతులలో బంతి నిలుపు అలవాటు గోలు ముందు అక్కరకు వచ్చెను. ఢిల్లీలో డిగ్రీ చదివిన పిమ్మట ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయములో క్రీడా నిర్వహణమున పై చదువు చదువుచు, అచ్చటి జట్టులో ఆడుచు, 2015లో వెస్ట్‌హామ్ మహిళా జట్టులో చేరెను. ఇంగ్లండు లీగులో ఆడిన మొదటి భారతీయ మహిళ యని ఆమెకు పేరు వచ్చెను. తొలి యాటలో ఆమె జట్టు కవెంట్రీ చేతిలో 0-5 గా ఓడెను. అయిదు గోలులు పోయిన మొదటి దినము! అంతటితో ఆమె చాలించలేదు. స్వదేశమునకు వచ్చి గోకులం కేరళ జట్టుతో జాతీయ లీగు గెలిచెను. దక్షిణాసియా విజేతలైన భారత జట్లలో గోలు కాచెను. బాలికలకై శిక్షణాలయము నెలకొల్పెను. 2025 జూలైలో ఆటనుండి విరమించెను. చదువును ఆటయు ఒకదానికొకటి అడ్డు కావని ఈమె జీవితము తెలుపుచున్నది. ఆమెను ఇంగ్లండునకు చేర్చినది చదువే. అచ్చట నిలిపినది ఆట.

ఆమె విడిచిన స్థానమున నేడు ఇతరులు నిలిచియున్నారు. మణిపురి యువతి పంథోయి చాను కాపుగా నుండగా భారత జట్టు 2025 జూలై 5న థాయిలాండులో థాయిలాండునే 2-1 గా ఓడించి, 2026 ఆసియా కప్పునకు అర్హత సంపాదించెను. మన నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య ముందువరుసలో ఆడుచు భారత జట్టునకును, క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ జట్టునకును చేరినది. తెలుగు పల్లెనుండి ఫుట్‌బాలు దారి కలదనుటకు ఆమెయే సాక్ష్యము.

మరి గోలు కాచిన తెలుగు యువతి లేదా? కలదు, హాకీలో కలదు. చిత్తూరు ప్రాంతపు యనమలవారిపల్లెలో 1990లో ఒక సామాన్య కుటుంబమున పుట్టిన ఎతిమర్పు రజని. హాకీ గోలు చిన్నది: వెడల్పు 12 అడుగులు, ఎత్తు 7 అడుగులు. కాని గట్టి బంతి గంటకు నూరు కిలోమీటర్ల వేగమునకు మించి వచ్చును. కావున ఆమె కాళ్ళకు మందపు ప్యాడ్లు, ముఖమునకు శిరస్త్రాణము ధరించి, ఎక్కువగా కాళ్ళతో బంతిని త్రోయవలెను.

రజని జీవితములో మమ్ములను ఆకర్షించినది పతకములు మాత్రమే కాదు, ఆమె నిరీక్షణము. జట్టులో ముందువరుసకు పలువురు కావలెను, గోలుకు ఒక్కరే. ఆ స్థానమున హర్యానాకు చెందిన సవిత అను మహా క్రీడాకారిణి నిలిచియుండెను. 2016లో 36 సంవత్సరముల పిమ్మట భారత మహిళా హాకీ జట్టు ఒలింపిక్సునకు పోయినపుడు రజని అదనపు క్రీడాకారిణి. 2017లో జపానులో ఆసియా కప్పు గెలిచిన జట్టులో ఆమె కలదు. ఫైనలులో చైనాపై షూటౌట్ కాచినది సవిత. 2018 ఆసియా క్రీడలలో రజతము, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో కాంస్యము పొందిన జట్లలోను రజని రెండవ గోలుకీపరు. ఏండ్ల తరబడి, రేపే పిలుపు వచ్చునన్నట్లు ప్రతి దినము సాధన చేయవలెను. పిలుపు రానపుడు మొదటి గోలుకీపరునకు తానే సాధనలో తోడుగా నిలువవలెను. ఈ పనిని వార్తాపత్రికలు వ్రాయవు.

కాని కాలము ఆమెను మరువలేదు. 2024 జనవరిలో మస్కట్ నగరమున మొట్టమొదటి హాకీ అయిదుగురి ప్రపంచ కప్పు జరిగెను. భారత మహిళా జట్టునకు నాయకురాలు రజని. ఆ జట్టు సెమీఫైనలులో దక్షిణాఫ్రికాను 6-3 గా గెలిచి, ఫైనలులో నెదర్లాండ్సు చేతిలో 2-7 గా ఓడి, రెండవ స్థానము పొందెను. ముప్పది మూడవ యేట ప్రపంచ పోటీలో తన దేశమునకు నాయకత్వము వహించుట, అదియు గోలు ముందు నిలిచి, ఓర్పునకు లభించిన ఫలమని చెప్పక తప్పదు.

కళాశాలలు తలుపు తెరచినచో ఏమగునో అమెరికా దేశము చూపినది. 1972లో అచ్చట చదువు నెలవులలో స్త్రీలపట్ల భేదము చూపరాదని చట్టము చేసిరి. ఆ పిమ్మట కళాశాలలు బాలికలకు జట్లను, మైదానములను, విద్యార్థి వేతనములను కల్పింపసాగెను. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున గోలు కాచిన బ్రయానా స్కరీ 1999 జూలై 10న ప్రపంచ కప్పు ఫైనలులో, తొంబది వేలమంది చూచుచుండగా, చైనా వారి మూడవ పెనాల్టీని ఆపెను. ఆమె దేశము గెలిచెను. అదే క్రీడాకారిణి 2010లో తలకు తగిలిన దెబ్బతో ఆట విడువవలసి వచ్చెను. ఈ స్థానములో అపాయము లేదని చెప్పుట శ్రోతలను మోసగించుటయగును. తలకు దెబ్బ తగిలినచో ఆ దినము ఆట ఆపి వైద్యునకు చూపవలెనని తల్లిదండ్రులును శిక్షకులును పట్టుబట్టవలెను.

మన ప్రాంతములో మొదటి అడ్డంకి నేల. వేసవిలో మన నల్లరేగడి రాయివలె గట్టిపడి బీటలు తీయును. దానిపై దూకిన బాలికకు మోచేతులు చీరుకొనును. కాని దూకుట నేర్చుటకు పచ్చిక మైదానమే అక్కరలేదు. బడిలో లాంగ్‌జంపు గుంట యున్నచో చాలును. అందులో మున్నేటి ఇసుక మోకాలిలోతు నింపి, మొదట మోకాళ్ళపై నుండి, పిదప గొంతుకూర్చుండి, తుదకు నిలిచి ప్రక్కకు పడుట నేర్పవలెను. మోచేయి గాని మణికట్టు గాని ముందు తగులరాదు. తొడ, తుంటి, భుజము వరుసగా నేలకు ఆనవలెను. కబడ్డీలో పడి లేచుట యెరిగిన మన బాలికలకు ఇది క్రొత్త విద్య కాదు.

రెండవ అడ్డంకి కాలము. సాయంకాలము సాధన ముగియుసరికి పల్లెకు పోవు బస్సు వెడలిపోవును. కావుననే ప్రతిభ కలిగియు అమ్మాయి ఇంటికి పోవలసి వచ్చును. కళాశాలవారు సాధనను తరగతులకు ముందుగా ఉదయము జరిపినచో, ఒకే త్రోవ పిల్లలు కలిసి వచ్చునట్లు చేసినచో, ఈ చిక్కు చాలవరకు తీరును. ఇందులకు పెద్ద ధనము అక్కరలేదు. పెద్దల సమ్మతి కావలెను.

మూడవ ప్రశ్న బ్రతుకుతెరువు. అందరును దేశపు జట్టునకు పోరు; పోవుదురని ఆశ చూపరాదు. కాని రైల్వేలు మొదలగు సంస్థలు క్రీడాకారిణులకు ఉద్యోగములిచ్చుచున్నవి. రజని రైల్వే జట్టులో ఆడినదే. వ్యాయామోపాధ్యాయినులు, శిక్షకురాండ్రు మన బడులకు కావలసియున్నారు. అదితివలె చదువును చేతబట్టి ఆడినవారికి ఆట ముగిసిన పిమ్మటను దారి యుండును.

శ్రోతలారా, ఇకమీదట రేడియోలో ఆట వినునపుడు గోలుకీపరు పేరు ఎన్నిమార్లు వినబడలేదో గమనింపుడు. ఆ మౌనములో ఎంతో శ్రమ దాగియున్నది. మీ యింటి అమ్మాయి కళాశాలనుండి వచ్చి, “అమ్మా, నన్ను గోలులో నిలుపుదురట” అని చెప్పినచో, అది ఎవరికిని అక్కరలేని చోటు అని తలంపకుడు. జట్టు తన నమ్మకమంతయు ఉంచుచోటు అదియే. ఆమెను నిలువనిండు.