సగటును నమ్ముకున్న వ్యాపారం

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి సంఖ్యాశాస్త్రంతో పనేమిటని మీరడగవచ్చు. పని దానంతటదే వచ్చి పడింది. మా కళాశాలలో కామర్సు శాఖవారు బి.కాం. విద్యార్థుల కోసం పాఠాలు తెలుగులో రాసి, భాష సరిచూసి పెట్టమని నాకిచ్చారు. అర్థం తెలియకుండా భాష దిద్దడం నాకు చేతగాదు. అందుచేత రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని చదివాను.

ఆ శాస్త్రంలో మాటలు నాకు భలే నచ్చాయి. అంకెలన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో అన్నిటితో భాగిస్తే వచ్చేది సగటు. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా నిలబెడితే నడిమధ్యన నిలిచేది మధ్యగతం. ఎక్కువసార్లు కనిపించేది బాహుళకం. మా వ్యాకరణంలో 'బహుళ'మంటే ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు, ఇంకొకచోట మరోలా అవుతుంది; విద్యార్థులు హడలిపోయే మాట. అదే మాట ఇక్కడికి వచ్చి ఎంత సాధువైపోయిందో చూడండి!

సరే, మాటల సంగతి అలా ఉంచి, ఈ చదువు ఎందుకు పనికివస్తుందో నాకు కళ్ళకు కట్టింది మా బావమరిది కూరల లెక్క దగ్గర.

రాజమండ్రిలో అతనికొక కర్రీ పాయింటు ఉంది. వండేది అతని భార్య, మా చెల్లెమ్మ. గుత్తివంకాయ కూర ఆమె చేతిలోనే పడాలి! దానికున్న గిరాకీ చూసి, పక్కపేటలో మరో గది అద్దెకు తీసుకోవాలని, పెట్టుబడికి ఆమె గాజులు బాంకులో కుదువ పెట్టాలని అతని సంకల్పం.

"రోజుకు సగటున 60 పొట్లాల గిరాకీ ఉంది బావగారూ. పొట్లానికి 15 రూపాయలు మిగులు. ఒక్క వంకాయ మీదే రోజుకు 900!" అన్నాడు.

పది రోజుల లెక్క తెమ్మన్నాను. దుకాణం పుస్తకంలో ఉండేది అమ్మిన పొట్లాల లెక్కే. కూర అయిపోయాక వచ్చి ఉత్తచేతులతో వెళ్ళినవాళ్ళు ఏ పుస్తకానికీ ఎక్కరు. అదృష్టం కొద్దీ చెల్లెమ్మ వాళ్ళనుకూడా కాలెండరు వెనక గీతలు గీసి ఉంచింది. రెండూ కలిపి, గుండ్రని అంకెల్లో చెబితే గిరాకీ ఇదీ: 30, 35, 40, 45, 50, 50, 55, 60, 95, 140. మొత్తం 600. సగటు 60. అతను చెప్పింది నిజమే!

కాని ఆ వరస ఇంకొకసారి చూడండి. 60కి మించి అడిగినవి రెండే రోజులు. ఏడు రోజులు 60 లోపే. మధ్యగతం 50. చివరి రెండు అంకెలూ సగటును తమవైపు లాక్కుపోయాయి. రోజూ 60 వండితే పది రోజుల్లో అమ్ముడయ్యేవి 485, పారబోసేవి 115. పొట్లానికి ఖర్చు 25, ధర 40. పది రోజులకు మిగిలేది 4,400 రూపాయలు, అంటే రోజుకు 440. 900 ఎక్కడ, 440 ఎక్కడ!

మరి ఎన్ని వండాలి? ఇంకొక పొట్లం కట్టేముందు, అది అమ్ముడుపోయే రోజులు పదింటిలో ఎన్నని అడగాలి. 25 పెట్టి చేసినది 40కి అమ్మేటప్పుడు, పదింట ఆరు రోజులకు మించి అమ్ముడుపోతేనే గిట్టుతుంది. 45వ పొట్లం ఏడు రోజులు పోతుంది. 46వది ఆరే రోజులు. అక్కడ ఆగాలి. రోజూ 45 వండితే పది రోజులకు 5,550 మిగులుతుంది. తక్కువ వండి ఎక్కువ సంపాదించడమన్నమాట.

అంతవరకూ ఊరుకున్న చెల్లెమ్మ అప్పుడంది: "కూర లేదని నాలుగుసార్లు పంపిస్తే అయిదోసారి వస్తారా అన్నయ్యగారూ?"

పాఠ్యపుస్తకాలు చివరి పేజీల్లో చెప్పే సంగతి ఆమె ముందే అడిగింది. తిరిగిపోయిన మనిషి ఖరీదు ఆ పూట పోయిన 15 రూపాయలు మాత్రమే కాదు. 50 వండితే ఎంతవుతుందో చూశాను: 5,500. పది రోజులకు 50 రూపాయలు తగ్గింది. ఆ ఖర్చుతో కొందరిని నిలుపుకోవచ్చు గదా! 50కే ఖాయం చేసింది.

ఇక 95, 140 సంగతి. రెండూ ఆదివారాలే! ఆదివారాన్ని బుధవారంతో కలిపి సగటు తీయడమే అసలు చిక్కు. విడిగా చూద్దామంటే ఉన్నవి రెండే అంకెలు.

కొద్దిపాటి అంకెలతో ఎంతవరకు నమ్మవచ్చునన్న ప్రశ్న డబ్లిన్ నగరంలో ఒక బీరు కర్మాగారంలో పుట్టింది. 1899లో గిన్నెస్ కంపెనీలో చేరిన విలియం గాసెట్ రసాయనశాస్త్రం చదివినవాడు. సరుకు నాణ్యం తేల్చడానికి అతని చేతికి వచ్చేవి కొద్ది పరీక్షల ఫలితాలే. వాటితో తీసిన సగటు ఎంత అటూ ఇటూ కావచ్చునో లెక్కగట్టి 1908లో ప్రకటించాడు. ఉద్యోగులు సొంత పేర్లతో రాయడానికి కంపెనీ ఒప్పుకోలేదు గనుక 'స్టూడెంట్' అని మారుపేరు పెట్టుకున్నాడు. నేటికీ దాన్ని స్టూడెంట్ పరీక్ష అనే అంటారు. ఉన్న సమాచారంతో అంచనా ఎంతకంటే నిక్కచ్చిగా ఉండజాలదో 1945లో హద్దు చూపినవారు మన సి. ఆర్. రావుగారు. 1940లో విశాఖలో లెక్కల ఎం.ఏ. ముగించి కలకత్తా వెళ్ళినవారాయన.

గాసెట్ పట్టిక ప్రకారం మా రెండు ఆదివారాల లెక్క వేశాను. నూటికి 95 పాళ్ళ భరోసా కావాలంటే ఆదివారపు సగటు గిరాకీ సున్న నుంచి 400 దాకా ఎక్కడైనా ఉండవచ్చునట! అంటే ఏమీ తెలియలేదన్నమాట. ఇక అడుగుపెట్టని పక్కపేట గురించి చెప్పేదేముంది?

"ఎనిమిది ఆదివారాలు చూడవోయ్. ఈలోగా పక్కపేటకు నాలుగు సాయంత్రాలు కూర పంపించి అమ్మి చూడు" అన్నాను.

ఇంటివాడు అన్నాళ్ళు ఆగుతాడా? ఆ గది జిరాక్సు దుకాణానికి ఇచ్చేశాడు. మా బావమరిదికి నామీద కోపం ఇంకా తగ్గలేదు. ఆదివారాలు మాత్రం ఇప్పటికి అయిదు నమోదయ్యాయి.