దుమ్ము సభకెక్కే దారి

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ రోడ్డు పట్టుకుని వెళితే నగరం ఎక్కడ అయిపోయిందో, బీర్‌గావ్ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. డాబా మీద చెయ్యి పెట్టి చూస్తే మాత్రం తెలిసిపోతుంది. అరచేతికి నల్లటి పొడి అంటుకుంటుంది. ఇటు ఉరలా పారిశ్రామికవాడ, ఇంకాస్త ముందుకెళితే సిల్తరా. స్పాంజ్ ఐరన్ బట్టీల నుంచి లేచిన పొడి నీళ్ల ట్యాంకు మూత మీద, ఆరేసిన చీరల మీద, పొద్దున్నే తుడిచిన స్కూటరు సీటు మీద మళ్లీ సాయంత్రానికల్లా పరుచుకుని ఉంటుంది. ఒడియా, భోజ్‌పురి, ఛత్తీస్‌గఢీ, ఏ భాష మాట్లాడే ఇంట్లోనైనా ఇదే గొడవ. విజయనగరం రైలు మార్గాన వచ్చి రాయపూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా స్థిరపడ్డ మన ఉత్తరాంధ్ర కుటుంబాలకూ ఈ పొడి కొత్త కాదు.

ఎవరికి చెప్పుకోవాలి? బీర్‌గావ్‌కు సొంత నగరపాలక సంస్థ ఉంది, 40 వార్డులు, మేయరు ఉన్నారు. చెత్త, కుళాయి, వీధి దీపం వాళ్ల చేతిలో పని. ఫ్యాక్టరీ పొగగొట్టం మీద అధికారం మాత్రం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. 1981 నాటి వాయు చట్టం 31ఎ సెక్షన్ కింద యూనిట్‌ను మూసేయమనీ, కరెంటు ఆపేయమనీ ఆదేశించగలిగేది ఆ మండలే. మండలి సరిగా పనిచేస్తోందా లేదా అని మంత్రిని నిలదీసే చోటు శాసనసభ. అంటే ఈ పొడి కథ ఎటు తిరిగినా ఎమ్మెల్యే దగ్గరికే చేరుతుంది.

ఇక్కడో మెలిక ఉంది. బీర్‌గావ్ రాయపూర్ గ్రామీణ నియోజకవర్గంలోది. 2013, 2018 ఎన్నికల్లో కాంగ్రెస్ సీనియర్ సత్యనారాయణ్ శర్మ ఇక్కడ గెలిచారు. 2023లో ఆయన కొడుకు పంకజ్ శర్మను ఓడించి బీజేపీ నుంచి మోతీలాల్ సాహూ సభకు వెళ్లారు. సిల్తరా మాత్రం ధర్సీవా నియోజకవర్గంలో ఉంది. అక్కడి ఎమ్మెల్యే ఛత్తీస్‌గఢీ సినిమా నటుడు, పద్మశ్రీ గ్రహీత అనుజ్ శర్మ. పొగ ఒక ఎమ్మెల్యే పరిధిలో లేచి ఇంకో ఎమ్మెల్యే పరిధిలో దిగుతుంది. గాలికి నియోజకవర్గాల పునర్విభజన వర్తించదు కదా.

శాసనసభ సమావేశాలనగానే మనకు టీవీలో కనిపించేవి అరుపులు, కాగితాలు చించడాలు, వాకౌట్లు. అసలు పని అంతకు కొన్ని వారాల ముందే, ప్రశ్నల నోటీసుకు గడువు ముగిసేలోపు జరిగిపోవాలి. ‘ఉరలాలో కాలుష్యం పెరిగిన మాట వాస్తవమేనా? అయితే తీసుకున్న చర్యలేమిటి?’ అని రాసి పంపిన ఎమ్మెల్యేకు వచ్చే జవాబు ముందే తెలుసు. మొదటి భాగానికి ‘లేదండి’. రెండో భాగానికి ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’. హైదరాబాద్ అయినా అమరావతి అయినా రాయపూర్ అయినా ఈ రెండు ముక్కలకు తిరుగులేదు. వాటిని తప్పించుకోవాలంటే ప్రశ్న లెక్క అడగాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉరలాలో ఎన్ని యూనిట్లను తనిఖీ చేశారు? అందులో రాత్రిపూట చేసినవి ఎన్ని? ఎన్నింటికి నోటీసులిచ్చారు? ఎన్నింటికి కరెంటు ఆపారు?

రాత్రి అన్న మాట ఊరికే రాలేదు. బట్టీ పొగలోని ధూళిని పట్టి ఆపేది ఈఎస్పీ అనే యంత్రం. అది నడవాలంటే కరెంటు ఖర్చు. చీకటి పడ్డాక దాన్ని ఆపేస్తున్నారన్నది స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల పక్కన బతికే వాళ్ల పాత ఆరోపణ. పగలు పదకొండింటికి వచ్చే ఇన్‌స్పెక్టరుకు పొగగొట్టం శుభ్రంగా కనబడుతుంది. ప్రశ్నలో ఆ ఒక్క మాట చేర్చాడంటే ఆ ఎమ్మెల్యే డాబాలెక్కి చూశాడని అర్థం. తనిఖీ జరిగిన వేళలు మంత్రి చదవాల్సి వస్తుంది, లేదంటే లేవని ఒప్పుకోవాల్సి వస్తుంది. అనుబంధ ప్రశ్నకు దారి అక్కడే తెరుచుకుంటుంది.

ఛత్తీస్‌గఢ్ సభలో అరుపులకు ఒక పగ్గం ఉంది. స్పీకర్ పీఠం ముందుండే వెల్‌ను అక్కడ గర్భగృహం అంటారు. అందులో కాలు పెట్టిన సభ్యుడు నిబంధన ప్రకారం తనంతట తానే సస్పెండ్ అయినట్టే. ఓటింగు అక్కర్లేదు, తీర్మానం అక్కర్లేదు. పేర్లు చదివి బయటికి పంపిస్తారు, తరచూ ఆ రోజే సస్పెన్షన్ ఎత్తేస్తారు కూడా. బయటికొచ్చినవాళ్లు ఆవరణలో బైఠాయిస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ గంటలో లోపల వాళ్ల ప్రశ్న ఎవరూ అడగకుండానే దాటిపోతుంది. ఈ బేరంలో నష్టం ఎవరికో ఫొటో చూసేవాడికి తెలియదు. 15 ఏళ్లు ముఖ్యమంత్రిగా మంత్రుల వరుసలో కూర్చున్న రమణ్ సింగ్ ఇప్పుడు స్పీకర్. ఎగవేత జవాబు ఎలా ఉంటుందో ఆయనకు ఇంకొకరు నేర్పనక్కర్లేదు.

కాగితం గట్టిగా ఉంటే ఏం జరుగుతుందో చూడాలంటే 2025 మార్చి చాలు. రాయపూర్ నుంచి మన విశాఖపట్నానికి 464 కిలోమీటర్ల ఆర్థిక కారిడార్ రోడ్డు వస్తోంది, భారత్‌మాల పథకం కింద. రాయపూర్ పక్కనే అభన్‌పూర్‌లో భూసేకరణ జరిగింది. సేకరణ ఖాయమయ్యాక పెద్ద కమతాలను చిన్న చిన్న ముక్కలుగా రికార్డుల్లో చూపించి, పరిహారం అనేక రెట్లు పెంచుకున్నారని ఆరోపణ. ప్రతిపక్ష నేత చరణ్‌దాస్ మహంత్ దీన్ని ప్రశ్నగా పట్టుకొచ్చారు. రెవెన్యూ మంత్రి టంక్‌రామ్ వర్మ సభలోనే అక్రమాలు జరిగినట్టు ఒప్పుకున్నారు. సీబీఐ విచారణ కావాలని ప్రతిపక్షం, డివిజనల్ కమిషనర్‌తో చేయిస్తామని ప్రభుత్వం. మాట తెగక వాకౌట్ అయింది. ఆపైన మంత్రివర్గం కూర్చుని కేసును ఆర్థిక నేరాల విభాగానికి అప్పగించింది. మంత్రి చేత ‘అవును’ అనిపించిన తర్వాతే ఆ వాకౌట్‌కు బలం వచ్చింది. రుజువు లేకుండా లేచిపోయి ఉంటే అది మర్నాటి పత్రికలో నాలుగు లైన్ల వార్త.

ప్రతిపక్షానికి సరే, అధికారపక్షం ఎమ్మెల్యే తన మంత్రినే ఎలా ఇరుకున పెట్టాలి? రాయపూర్ సభలో దానికీ అలవాటుంది. అజయ్ చంద్రాకర్, ధర్మలాల్ కౌశిక్ లాంటి బీజేపీ సీనియర్లు సొంత మంత్రుల చేత ప్రశ్నోత్తరాల్లో నీళ్లు నమిలించిన సందర్భాలు చాలానే ఉన్నాయి. మంత్రి పదవి రాని అసంతృప్తి అని గిట్టనివాళ్లు అంటారు. అయితే కానివ్వండి, ఊరికి జవాబు దక్కిందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

ఇంతకీ అడగడానికి రోజులేవి? 2025 వర్షాకాల సమావేశాలు జులై 14 నుంచి 18 వరకు, ఐదు రోజులు. శీతాకాలానివి డిసెంబర్‌లో నాలుగు రోజులు. అవి నవ రాయపూర్‌లో కొత్తగా కట్టిన భవనంలో జరిగిన మొదటి సమావేశాలు. సభా మందిరం పైకప్పు నిండా వరి కంకులు తీర్చారు, రాష్ట్రానికున్న ‘ధాన్యపు గిన్నె’ అన్న పేరుకు తగ్గట్టు. బడ్జెట్ సమావేశాలే కాస్త పొడుగు. అక్కడా చివరి రోజుల్లో గిలెటిన్ పడితే చర్చకు రాని శాఖల పద్దులన్నీ గంపగుత్తగా ఆమోదం పొందుతాయి. పర్యావరణ శాఖ పద్దు ఆ గంపలోకి పోతే ఉరలా మాటెత్తే చోటే ఉండదు. 2024లో దేశంలోని శాసనసభలు సగటున 20 రోజులే కూర్చున్నాయని పీఆర్ఎస్ సంస్థ లెక్క తేల్చింది. 70 మందికి మించి సభ్యులున్న సభలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని రాజ్యాంగ సమీక్షా సంఘం 2002లో చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది 90 మంది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షానికి ఆ కొన్ని రోజులకూ ముహూర్తం కుదరదు. 2017లో వైసీపీ సభను బహిష్కరించింది. 2021లో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని లేచిపోయారు. 2024లో 11 మందితో మిగిలిన వైసీపీ ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామంటోంది. ఎవరి కారణాలు వారికి ఉండొచ్చు. ప్రశ్న అడిగే హక్కు మాత్రం హోదాతో పని లేకుండా ప్రతి సభ్యుడికీ ఉంటుంది.

సభలో మంత్రి ‘పరిశీలిస్తాం, విచారణ జరిపిస్తాం’ అన్నారనుకోండి, అది గాలిలో కలిసిపోకుండా చూడటానికి సభా హామీల కమిటీ ఉంది. అధికారులను పిలిచి ఇచ్చిన మాట ఏమైందని అడిగేది ఆ కమిటీయే. దాని సమావేశాలకు ప్రత్యక్ష ప్రసారం లేదు. అందుకే కాబోలు, అక్కడికి వెళ్లడంలో మన నాయకులకు పెద్ద ఉత్సాహం కనబడదు. ‘సమాచారం సేకరిస్తున్నారు’ అని ముగించిన జవాబులదీ ఇదే గతి. వెంటపడే ఎమ్మెల్యే లేకపోతే ఆ సేకరణ ఏళ్ల తరబడి సాగుతుంది.

ఆ జవాబులు విధానసభ వెబ్‌సైట్‌లో హిందీలో దొరుకుతాయి. ఉరలా తనిఖీల గురించి లోగడ ఏం చెప్పారో వార్డులో ఒకరు వెతికి, ప్రింటు తీసి, ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చి వస్తే, వచ్చే సమావేశాల ప్రశ్న సగం రాసినట్టే. మిగతా సగం, అంటే తేదీలూ వేళలూ, డాబాలున్నవాళ్లకు బాగానే తెలుసు.