మెత్తపెంకు లాబ్‌స్టర్: రాబడి ముమ్మరం, ధర మందకొడి

అమెరికా ఈశాన్య తీరంలోని మెయిన్ రాష్ట్రంలో, రొయ్యకు పెద్దన్న వంటి లాబ్‌స్టర్‌ను పట్టేవాడు చిన్న పడవకు తానే యజమాని, తానే సరంగు. తెల్లవారకముందే బయలుదేరి, ఎర పెట్టిన బోనులను వరుసగా పైకి లాగుతాడు. బోనులు 800కు మించరాదు. వీపు పెంకు మూడుంపావు అంగుళాలకు తగ్గినా, 5 అంగుళాలు దాటినా, గుడ్లతో ఉన్నా తిరిగి సముద్రంలో వదలవలసిందే.

ధర మాత్రం రేవులోని వర్తకుడు చెప్పినదే. వేసవిలో లాబ్‌స్టర్ పాత పెంకు విడిచి కొత్తది తొడుగుతుంది. ఈ మెత్తపెంకు సరుకులో మాంసం తక్కువ, దూర ప్రయాణానికి తట్టుకోదు. రాబడి ముమ్మరమయ్యేది సరిగ్గా అప్పుడే. విమానమెక్కగల గట్టిపెంకు సరుకుకు హెచ్చు ధర పలుకుతుంది.

2012లో సముద్రం వేడెక్కి మెత్తపెంకు సరుకు వారాల ముందే వచ్చిపడింది. దానిని కొనే కెనడా కర్మాగారాలు అప్పటికి సొంత సరుకుతో నిండి ఉన్నాయి. రేవు ధర కుప్పకూలింది. ఆగస్టులో అక్కడి జాలరులు మెయిన్ సరుకును అడ్డగించారు కూడా.

గుంటూరు మిర్చిలా శీతల గిడ్డంగిలో పెట్టి ధరకోసం కాచుకునే సరుకు కాదిది. ప్రాణం ఉంటేనే ధర. కొందరు నీటిలో తేలే పెట్టెల్లో కొన్నాళ్లు నిలవ ఉంచుతారు. మెత్తపెంకు సరుకు దానికీ అంతగా ఓర్చదు. డీజిలు, ఎర బాకీలూ ఆగవు.