బాలింతల మానసిక కృంగుదల: ఫోను ద్వారా అందే చికిత్స, సంఘకాపరి బాధ్యత

1. సమస్య

షిలోహులో పెదవులు మాత్రమే కదలిస్తూ మొరపెట్టిన హన్నాను చూచి, యాజకుడైన ఏలీ ఆమె మత్తురాలై యున్నదని తలంచాడు. బాధలో ఉన్న స్త్రీని దైవసేవకుడే అపార్థం చేసుకొనవచ్చునని దీనివలన గ్రహిస్తున్నాము. వరంగల్ ప్రాంతంలో తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన బాలింత ఏడుస్తుంటే, "దేవుడు బిడ్డనిచ్చాడు గదా, ఇంకా ఏడుపెందుకు?" అని మనము కూడ అంటాము. ప్రార్థన తక్కువైందనే వారూ, గాలి సోకిందనే వారూ ఉన్నారు.

కాన్పైన తొలి రోజుల్లో చాలామందికి కలిగే దిగులు సుమారు రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అది అంతకు మించి కొనసాగి, నిద్ర, ఆకలి, బిడ్డపై ఆసక్తి సన్నగిల్లితే చికిత్స అవసరము. భారతదేశంలో జరిగిన పరిశోధనలను సమీక్షించి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక ప్రచురించిన అంచనా ప్రకారం, నూరుమంది బాలింతల్లో సుమారు 22 మందికి ఈ కృంగుదల ఉన్నది.

2. చికిత్సా విధానం

అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని సి.బి.టి. అంటారు. ఆలోచన, భావన, ప్రవర్తన ఒకదానినొకటి ప్రభావితం చేస్తాయన్నది దీని పునాది. ఉదాహరణకు, "పాలు చాలడం లేదు, తల్లిగా నేను పనికిరాను" అని ఒకామె అనుకొంటుంది. ఆమె ఆ ఆలోచనను కాగితంపై వ్రాస్తుంది. అంగన్‌వాడీలో తూచినప్పుడు బిడ్డ బరువు పెరిగిందా అని చూస్తుంది. పాలు నిజముగా తక్కువైనా, తల్లిగా పనికిరాననుట న్యాయమేనా అని ఆలోచిస్తుంది. రోజూ పది నిమిషాలు వాకిట్లో కూర్చొని ఒకరితో మాట్లాడుట వంటి చిన్న పనులను తిరిగి మొదలుపెడుతుంది.

పాకిస్తాన్ గ్రామాల్లో శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్లి ఇటువంటి సహాయమందించారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆరు నెలల బిడ్డలున్న ఆ తల్లుల్లో 23 శాతం మందికే కృంగుదల మిగిలింది. సహాయమందని వారిలో అది 53 శాతము. కెనడాలోని ఒంటారియోలో 403 మంది తల్లులపై జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. మామూలు వైద్యంతోపాటు ఆన్‌లైన్‌లో ఒక్క రోజు సి.బి.టి. శిక్షణ పొందిన వారికి, మామూలు వైద్యం మాత్రమే పొందిన వారికంటె ఎక్కువ మేలు కలిగింది.

3. మన సంఘాల్లో

ఒంటారియో తల్లికి అందినది మన తల్లికి అంత సులభముగా అందదు. ఫోను భర్త చేతిలోనో తమ్ముని చేతిలోనో ఉంటుంది. ఒంటరిగా మాట్లాడుటకు గది ఉండదు. ఇక్కడ సంఘము చేయగలది ఉన్నది. పాస్టరమ్మగారో స్త్రీల సమాజ సభ్యురాలో ఒక ఫోను, తలుపున్న గది ఇచ్చి, అరగంట సేపు బిడ్డనెత్తుకొంటే చాలును.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితముగా, తెలుగులో, ఏ వేళనైనా ఫోను చేయవచ్చును. ఇది పూర్తి సి.బి.టి. కాదు గాని, ఆలోచనసలహా ఇచ్చి తగిన వైద్యుని వద్దకు పంపే తొలి మెట్టు. చనిపోవాలనిపించినా, బిడ్డకు హాని తలపెట్టినా, లేని స్వరములు వినబడినా ఫోనుతో సరిపెట్టక ఆమెను ఒంటరిగా విడువకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. వైద్యుడిచ్చిన మందులను విశ్వాసం పేరిట మాన్పించరాదు. ఆమె సంగతిని ప్రార్థన విన్నపముగానైనను సభలో ప్రకటింపరాదు.

4. ముగింపు

బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్న ఏలీయాకు మొదట దొరికినవి నిద్ర, ఆహారము. బాలింతకును ముందు అవే కావలెను. ఏలీ మొదట పొరబడినను హన్నా జవాబు విన్న తరువాత ఆమెను సమాధానముతో సాగనంపాడు. మనమును తీర్పునకు ముందు వినుట నేర్చుకొందము.