బల్ల మీద ఎడారి యుద్ధం

చదరంగంలో ఎవరి పక్షాన ఎన్ని ఏనుగులు, ఎన్ని గుర్రాలు ఉండాలో ముందే నిర్ణయమై ఉన్నది. కాని బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధం ఒకటున్నది. అందులో ఎవరి సైన్యాన్ని వారే కూర్చుకోవాలి. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి నియమాలు చెబుతూ హెచ్. జి. వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత 1913లోనే ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాశాడు.

తరవాత ఈ ఆటలోకి టాంకులు కూడా వచ్చాయి. టాంకు అంటే దళసరి ఉక్కు కవచం తొడిగి, ఫిరంగి అమర్చిన శకటం. దుకాణంలో బొమ్మ టాంకులు చూడగానే అన్నిటికన్న పెద్దది కొనాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. కాని చరిత్రలో జరిగిన యుద్ధాన్ని ఆడదలచినవారు చరిత్రను అడిగి కొనాలి. అది ఎలాగో చూద్దాం.

1942 అక్టోబరు 23 రాత్రి ఈజిప్టులోని ఎల్ అలమైన్ వద్ద ఘోరయుద్ధం ఆరంభమయింది. ఒక పక్షాన మాంట్‌గోమరీ నడిపిన బ్రిటిష్ 8వ సైన్యం. మన 4వ భారత డివిజన్ కూడా అందులోనే ఉన్నది. రెండో పక్షాన రోమెల్ అధీనంలోని జర్మన్, ఇటాలియన్ సేనలు. నవంబరు 4 నాటికి రోమెల్ వెనుదిరగక తప్పలేదు.

ఇక మొదటి ప్రశ్న: మనం కొనే టాంకు ఆనాడు అక్కడ ఉన్నదా? జర్మన్ల టైగర్ టాంకుకు చాలా పేరున్నది. కాని ఆఫ్రికాలో అది మొదట దిగినది ట్యునీషియాలో, 1942 నవంబరు చివరలో. అప్పటికి ఎల్ అలమైన్ యుద్ధం ముగిసిపోయింది. కనక టైగర్ ఎంత ముచ్చటగా ఉన్నా దీనికి పనికిరాదు.

రెండో ప్రశ్న: ఎన్ని ఉండాలి? బ్రిటిష్ పక్షాన సుమారు 1000 టాంకులు, అవతల సుమారు 500 ఉండేవి. కనక ఒకరికి 10 బొమ్మలు, రెండోవారికి 5 చాలు. ఆ పదింటిలో షెర్మన్‌లు 2, గ్రాంట్‌లు 2, క్రూసేడర్‌లు 3, వాలెంటైన్‌లు 2, స్టూవర్ట్ 1 ఉంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఆ ఐదింటిలో 3 ఇటాలియన్ టాంకులు, 2 జర్మన్ పాంజర్-3 టాంకులు ఉండాలి.

‘‘ఐదు పదితో ఎలా పోరాడతాయి?’’ అని మీరడగవచ్చు. రోమెల్ సేన తన ముందు సుమారు 5 లక్షల మందుపాతరలు పాతి ఉంచింది. వాటిని బల్ల మీద చీటీలతో గుర్తించవచ్చు. వాటిని దాటడానికి బ్రిటిష్‌వారు ‘స్కార్పియన్’ టాంకులు వాడారు. వాటి ముందుభాగాన గిర్రున తిరిగే గొలుసులు నేలను బాదుతూ మందుపాతరలను పేల్చేవి. అయితే రోమెల్‌కు పెట్రోలు కరువు. ఆయన పక్షాన ఆడేవారు తమ టాంకులను ఇష్టం వచ్చినంత దూరం నడపరాదు.

మూడో ప్రశ్న: బొమ్మ ఎంత ఉండాలి? అసలు షెర్మన్ పొడవు సుమారు 19 అడుగులు. అందులో 72వ వంతు బొమ్మ 3 అంగుళాలకు కొంచెం ఎక్కువ. అదే లెక్కన 1000 గజాల దూరం 500 అంగుళాలు, అంటే దాదాపు 42 అడుగులవుతుంది! అంత బల్ల ఎవరింట ఉంటుంది? అందుకే బొమ్మలకు ఒక కొలత, నేలకు మరొక చిన్న కొలత పెట్టుకుంటారు.

ఒక తమాషా కూడా చేయవచ్చు. ఆ యుద్ధానికి ముందు బ్రిటిష్‌వారు తమ టాంకులపై గుడ్డ తొడుగులు వేసి, లారీలలాగా కనిపించేట్టు చేశారు. దక్షిణాన ఉత్తుత్తి టాంకులు నిలిపారు. మీరూ అట్ట తొడుగులు చేసి ఎదుటివారిని భ్రమింపజేయండి!

బొమ్మ టాంకు ఓడిపోతే దాన్ని తీసి పెట్టెలో పెడతాం. మరునాడు మళ్ళీ బల్ల మీదికి వస్తుంది. కాని ఒక్కొక్క షెర్మన్‌లో ఐదుగురు మనుషులుండేవారు. ఎల్ అలమైన్‌లోని కామన్వెల్త్ శ్మశానంలో 7 వేలకు పైగా సమాధులున్నాయి. లెక్క తప్పకుండా బొమ్మలు ఎంచడమంటే వారి కథను ఉన్నదున్నట్టుగా చెప్పడమే.