పేరు తెలియని చేపకు న్యాయం చేయగలమా?

మా ఇంటి ముందుగదిలోని అక్వేరియంలో ఒక నీలం చేప ఉండేది. దాని ఒంటి మీద పైనుంచి కిందికి దిగే నల్లని పట్టీలు ఉండేవి. ‘ఆఫ్రికన్ మిక్స్’ అని రాసిన దుకాణపు తొట్టెలో నుంచి పిల్లలు ముచ్చటపడి ఏరుకున్న ఆరు చేపలలో అది ఒకటి. కొన్ని నెలలకు దాని నీలం వెలిసిపోయి పసుపు ఛాయ తేలసాగింది. జబ్బు చేసిందనుకుని నీటిలో మందు కలిపాము, మేత తగ్గించాము. చేప మాత్రం రోజురోజుకూ పుంజుకొని, తక్కినవాటిని మూలమూలలకు తరమసాగింది. రెండు చేపలు రెక్కలు చిరిగి చనిపోయిన తరువాత గాని మాకు అసలు సంగతి బోధపడలేదు.

అది మలావీ సరస్సుకు చెందిన కెన్యీ అనే జాతి మగచేప. ఈ జాతిలో పిల్లలూ ఆడచేపలూ నీలంగా ఉంటాయి. మగవి ఎదిగేకొద్దీ పసుపు రంగుకు మారతాయి, స్వభావంలో మహా పోట్లాటకోరులు. పేరు తెలియని కారణంగా మేము ఆరోగ్యంగా ఉన్న చేపకు వైద్యం చేశాము, ప్రాణాపాయంలో ఉన్నవాటిని గమనించనే లేదు. మా పిల్లలకు ఆ రోజు మేము చెప్పుకోవలసి వచ్చిన సంజాయిషీయే ఈ వ్యాసానికి కారణం.

ముందు సరస్సు, తరువాత చేప

సిచ్లిడ్లు చాలా పెద్ద చేపల కుటుంబం. మన దుకాణాలలో ఆఫ్రికన్ సిచ్లిడ్లుగా అమ్మేవాటిలో అధిక భాగం తూర్పు ఆఫ్రికాలోని మూడు మహా సరస్సుల సంతతి. అవి మలావీ, టాంగన్యీకా, విక్టోరియా. ఈ సరస్సులలోని వందలాది సిచ్లిడ్ జాతులలో చాలా భాగం ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించవు. కనుక చేప ఏ సరస్సుదో తేలితే వెదకవలసిన పరిధి ఎంతో తగ్గిపోతుంది.

టాంగన్యీకా చేపలు ఆకారంలోనే ప్రత్యేకంగా ఉంటాయి. నుదుటిపై బుడిపె, ఒంటిపై వెడల్పైన నల్లని పట్టీలు కనిపిస్తే అది ఫ్రంటోసా కావచ్చు. లేత గోధుమ రంగు ఒళ్లు, రెండు కొనలూ పొడుగ్గా సాగిన తోక ఉంటే బ్రికార్డీ. ఖాళీ నత్తగుల్లలలో కాపురముండే వేలెడంత చేపలు కూడా ఈ సరస్సులోనివే.

మలావీ చేపలను పెంపకందారులు ముఖ్యంగా మూడు గుంపులుగా చూస్తారు. రాళ్ల మధ్య తిరిగేవి ఎంబూనా. ఇసుకలో పురుగులను వెదికేవి పీకాక్ చేపలు. విశాలమైన నీటిలో సంచరించేవి, తరచుగా వేటాడేవి హ్యాప్‌లు. మా కెన్యీ ఎంబూనా గుంపులోనిది.

రంగును చివర చూడాలి

కొత్తవారు మొదట రంగు చూసి పేరు పెడతారు. మేము చేసిన పొరపాటూ అదే. భయపడినా, ఓడిపోయినా చేప రంగు తగ్గుతుంది, వయసుతో మారుతుంది, ఆడ, మగ తేడాలు సరేసరి. ఔరాటస్ జాతిలో ఆడది పసుపు ఒంటిపై తల నుంచి తోక వరకు సాగే నల్ల చారలతో మెరుస్తుంది, ఎదిగిన మగది నలుపు తిరుగుతుంది. ఆ రెండూ రెండు వేరు జాతులని ఎవరైనా భ్రమపడతారు.

కనుక ముందు నోరు చూడాలి. నాచును గీరి తినే చేప నోరు సాధారణంగా చిన్నది, కిందివైపుకు ఉంటుంది. వేటాడేదాని నోరు పెద్దది. తరువాత ఒంటి ఆకారం. ఆ పిమ్మట గుర్తులు: పట్టీలు పైనుంచి కిందికి దిగుతున్నాయా, తల నుంచి తోకకు సాగుతున్నాయా? వీపు రెక్కలో నల్ల గీత ఉందా? ఎల్లో ల్యాబ్ అనే పసుపు చేపను పోల్చుకోవడానికి ఆ నల్ల గీతే పెద్ద ఆనవాలు. చేప ప్రశాంతంగా, రెక్కలు విప్పి ఈదుతున్నప్పుడు పక్కనుంచి ఫొటో తీసుకుంటే పోలిక సులభమవుతుంది.

అయినా కొన్నిచోట్ల ఓటమిని అంగీకరించాలి. పీకాక్ ఆడచేపలు దాదాపు అన్నీ బూడిద కలిసిన గోధుమ రంగులోనే ఉంటాయి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనిదే దాని జాతిని ఖాయంగా చెప్పడం నిపుణులకు సైతం కష్టం. పైగా, ఓబీ పీకాక్ వంటివి మనుషుల పెంపకంలో పుట్టిన సంకరాలు. వాటికి ఏ సరస్సులోనూ చోటు లేదు.

పేరును బట్టి మేత

ఎంబూనాలు ఎక్కువగా రాళ్లపై పెరిగే నాచును, అందులోని సూక్ష్మజీవులను తింటాయి. వాటికి మాంసాహారం అతిగా పెడితే పొట్ట ఉబ్బి చనిపోతాయని అనుభవజ్ఞులు హెచ్చరిస్తారు. జిరాఫీ మచ్చల వీనస్టస్ అలా కాదు. అది జానెడు దాటి పెరిగే వేటగాడు. దానితోపాటు చిన్న చేపలను వదిలితే అవే దానికి ఆహారమవుతాయి. దాని దగ్గరి బంధువైన లివింగ్‌స్టోనీ, చచ్చినట్టు నేలపై పక్కకు ఒరిగి, దగ్గరకు వచ్చిన చిన్న చేపలను పట్టి తింటుంది. ఆ సంగతి తెలియనివారు దానిని చనిపోయిందనుకుని తీసిపారేసే ప్రమాదమూ ఉంది.

ఇచ్చేటప్పుడు నిజం చెప్పాలి

మలావీ సిచ్లిడ్ తల్లులు గుడ్లను, పిల్లలను సుమారు మూడు వారాల పాటు నోటిలోనే ఉంచుకొని కాపాడతాయి. ఒకే తొట్టెలో దగ్గరి జాతులుంటే సంకరం సులభంగా జరుగుతుంది. అలాంటి పిల్లలను ఇరుగుపొరుగుకు ఇచ్చేటప్పుడు జాతి పేరు తగిలించరాదు. మిశ్రమమని చెప్పి ఇవ్వాలి. అందమైన పేరుతో అబద్ధం చేతులు మారితే అది తరువాతి ఇంటి తొట్టెను కూడా పాడుచేస్తుంది. జాతి శుద్ధికి విలువ ఎందుకో విక్టోరియా సరస్సు చెబుతుంది. 1950లలో అక్కడ వదిలిన నైల్ పెర్చ్ అనే పెద్ద చేప 1980ల నాటికి విపరీతంగా పెరిగింది. ఇతర కారణాలూ తోడై అనేక స్థానిక సిచ్లిడ్ జాతులు కనుమరుగయ్యాయి. వాటిలో కొన్ని నేడు పెంపకందారుల తొట్టెలలో మిగిలి ఉన్నాయి.

మరొక మాట. విసుగొచ్చిన చేపను చెరువులో వదలడం జాలి అనిపించుకోదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా ఆఫ్రికా సిచ్లిడే. అది మన నీళ్లలో పాతుకుపోయి స్థానిక చేపలకు పోటీగా నిలిచింది. పెంచలేని చేపను మరొక పెంపకందారునికి అప్పగించడమే సరైన పద్ధతి.

కెన్యీని ఇప్పుడు మేము వేరే తొట్టెలో ఉంచాము. పిల్లలు రెండు తొట్టెలకూ చీటీలు అంటించారు: చేప పేరు, సరస్సు, మేత. ఒక గోధుమ రంగు పీకాక్ ఆడచేప ఎదుట మాత్రం పేరుకు బదులు ‘తెలియదు’ అని రాశారు. ఆ చీటీని మేము మార్చలేదు.