అప్పు కాగితంలో లేని తొంభై వేలు

ప్రొద్దుటూరు కానీ, జమ్మలమడుగు కానీ, పులివెందుల కానీ, రిజిస్ట్రారు ఆఫీసు ముందర కాసేపు నిలబడండి. “ఇంకా ఎంత పడుతుందన్నా?” అనే మాట చెవిన పడుతుంది. బేరమై, బయానా ఇచ్చి, బ్యాంకులో అప్పు మంజూరైనాక అడిగే ప్రశ్న ఇది. అప్పటికి వెనక్కు పోయే దారి ఉండదు.

లెక్క మనమే వేద్దాం. జమ్మలమడుగు దగ్గర బండల పాలిషు పనిచేసే కూలీ ఒకడు 12 లక్షలకు చిన్న ఇల్లు బేరమాడినాడనుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు ఇంటి అప్పుకు బ్యాంకు 90 శాతం దాకా ఇవ్వవచ్చు. అంటే 10 లక్షల 80 వేలు. మిగిలిన లక్షా ఇరవై వేలు చేతినుంచి పెట్టాలి. ఇంతవరకు మేనేజరు చెబుతాడు. ఆయన చెప్పనిది ఇంకొకటుంది. మన రాష్ట్రంలో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు సుంకం 5 శాతం, పంచాయతీకో మునిసిపాలిటీకో చెందే బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మొత్తం ఏడున్నర. పన్నెండు లక్షల మీద 90 వేలు! ప్రభుత్వం కట్టిన విలువ బేరం కన్నా ఎక్కువుంటే సుంకం ఆ ఎక్కువ మీదే. పత్రాలు బ్యాంకులో డిపాజిట్ చేసినందుకు అప్పు మీద అర శాతం స్టాంపు వేరే, అది 5,400.

ఈ తొంభై వేలు రాత్రికి రాత్రి ఎక్కడినుంచి వస్తాయి? వడ్డీ వ్యాపారి దగ్గరనుంచే. నూటికి మూడు రూపాయల వడ్డీ అయితే నెలకు 2,700. బ్యాంకు కంతు కట్టకముందే కూలీ డబ్బుల్లో ఇది పోతుంది. “రేటు తగ్గించి రాయించుకో, సుంకం తగ్గుతుంది” అనే దళారీలూ ఉంటారు. తగ్గించి రాస్తే బ్యాంకు ఇచ్చే అప్పూ తగ్గుతుంది. స్టాంపు చట్టం 47-ఎ సెక్షన్ కింద రిజిస్ట్రారు ఆ దస్తావేజును కలెక్టరుకు పంపనూ వచ్చు.

2024 అక్టోబరు 1 నుంచి చిల్లర అప్పులన్నిటికీ బ్యాంకులు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అందులో లేని చార్జీని మన స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. మంచిదే. అయితే అమ్మకపు సుంకం బ్యాంకు చేతిగుండా పోదు, చలానా మనమే కడతాం. కాబట్టి అది ఆ పత్రంలో కనబడదు. పెద్ద ఖర్చు బయటే మిగిలింది.

అమెరికాలో 2015 అక్టోబరు నుంచి దరఖాస్తు పెట్టిన మూడు పనిరోజుల్లో ఇవ్వవలసిన అంచనా పత్రంలో ఆస్తి బదిలీ పన్నుకు ప్రత్యేకంగా ఒక వరుస ఉంది. అప్పు ఇచ్చేవాడు తక్కువ చూపితే తేడా అతనే భరించాలి. అక్కడి దొరలకు కూలీల మీద ప్రేమ పుట్టి చేసింది కాదులెండి. 2008లో ఇళ్ల అప్పులు కుప్పకూలి, లక్షల కుటుంబాలు వీధిన పడ్డాక, 2010లో వచ్చిన చట్టం ఫలితం అది. అయినా ఆ వరుస మన పత్రంలోనూ ఉండాలని అడగడానికి అడ్డమేముంది?

ఇంకొక మాట కొంతమంది మేనేజర్లు చెప్పరు. ఇంటి ఖరీదు 10 లక్షలు దాటకపోతే స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను కూడా ఖరీదులో కలిపి అప్పు లెక్కకట్టవచ్చని 2015 మార్చిలోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. పది లక్షల ఇంటికి సుంకాలు 75 వేలు. కలిపితే అప్పు 9 లక్షలకు బదులు 9,67,500 దాకా రావచ్చు. “కలపవచ్చు” అన్నారే గాని “కలపాలి” అనలేదు. కాబట్టి నోటితో కాదు, కాగితం మీద అడగండి. కాదంటే కాగితం మీదే చెప్పమనండి.

ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర పొలం పెట్టి అప్పు తెచ్చేవాళ్లకు ఈ సుంకమే ఒక ఆనవాలు. “కుదువే గదా, సంతకం పెట్టు” అంటాడు. స్టాంపు, ఫీజుల మొత్తం ఎంతని అడగండి. విలువ మీద ఏడున్నర శాతం అన్నాడంటే అది తనఖా కాదు, అమ్మకం! “డబ్బు కట్టినాక తిరిగి రాసిస్తా”నని విడి కాగితం మీద రాసిచ్చినా చాలదు. తిరిగి ఇచ్చే షరతు అదే దస్తావేజులో లేకపోతే తనఖా కిందికి రాదని ఆస్తి బదిలీ చట్టంలో 1929లోనే చేర్చినారు. ఇంతటితో అయిపోలేదు. వేరే ఒప్పందం లేకపోతే అమ్మకపు స్టాంపు ఖర్చు కొనేవాడిదేనని స్టాంపు చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. ఆ ఖర్చు కూడా రైతు నెత్తినే వేస్తే, పొలాన్ని పోగొట్టుకోవడానికి రైతే సుంకం కట్టినట్టు.

సంఘం కార్యకర్తలు చేయగలిగిన పని ఒకటుంది. బ్యాంకు ఇచ్చే ముఖ్య వివరాల పత్రం మీద సంతకానికి కనీసం మూడు పనిరోజుల గడువు ఉంటుంది. బయానా ఇవ్వకముందే రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి ఆ సర్వే నంబరుకు, ఆ ఇంటికి ప్రభుత్వ విలువ ఎంతో రాయించుకు రండి. అప్పుకు పోతున్న కూలీని ఒంటరిగా పంపకుండా, ఆ కాగితాన్నీ బ్యాంకు కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, రెంటికీ తేడా ఎంతో అతని ఎదుటే కూడి చూపించండి.